పాట చాలు

నాందేడ్,
2 జూలై 1998.

వనమాల వదినా,

మీరు వెళ్ళి ఎనిమిది రోజులైంది. ఉత్తరం మొదట్లో అందరూ రాసే మాటలు రాయబోయి ఆగాను. క్షేమమంటే అబద్ధం, కాదంటే అదీ అబద్ధమే. స్టేషన్లో రైలు కదిలాక ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి చపాతీ పిండి కలిపాను, సెకండియర్ వాళ్ళ చరిత్ర పేపర్లు దిద్దాను. నలభై ఒకటి నిండిన మనిషికి ఇలాగే ఉంటుందేమో. లేక నాకొక్కదానికేనేమో.

అన్న కొత్త ఆఫీసులో చేరాడా? ఇక్కడే పుట్టి పెరిగిన రైల్వే మనిషిని తీసుకెళ్ళి డోన్‌లో పడేశారని మా ఆయన రోజూ ఒకసారి అంటాడు, తనకే బదిలీ అయినట్టు.

నిన్న ఎదురింటి అనుసూయాబాయి గుమ్మంలో నిలబడి, "కాయ్ గ, జోడీ తుట్‌లీ?" అంది. జోడీ తెగిందా అని. "తుట్‌లీ నాహీ, బదలీ ఝాలీ" అన్నాను. నవ్వింది. నేనూ నవ్వాను. లోపలికొచ్చాక, తెగడానికీ బదిలీ కావడానికీ తేడా ఏమిటా అని చాలాసేపు ఆలోచించాను.

కాలేజీ పత్రికకు మన గురించి రాయమన్నారు. ఇదీ నేను రాసింది: "మా అమ్మ ముత్తెమ్మ, ఎదురింటి అనుసూయాబాయి ఒకే ఇసుర్రాయికి చెరోవైపు కూర్చునేవారు. అమ్మ తెలుగులో ప్రశ్న పాడితే ఆమె మరాఠీలో జవాబు పాడేది. ఆ పాటలనే నేనూ మా వదినా అదే పద్ధతిలో ముద్ఖేడ్, బిలోలి, ముఖేడ్ ఊళ్ళలో ఎనిమిదేళ్ళు పాడాం; ప్రశ్న నాది, జవాబు ఆమెది. ఏ కంపెనీ సాయమూ లేకుండా, కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో రెండు క్యాసెట్లు చేశాం." ఇంతే వచ్చింది. ఎనిమిదేళ్ళు నాలుగు వాక్యాలు. ఐదో వాక్యం నువ్వు పంపిస్తే కలుపుతాను.

హరిప్రియ

*

డోన్,
19-7-98

హరీ,

నీ లంబా ఉత్తరం అచ్చింది. మీ అన్న ముందుగాల చదివి, తర్వాత నాకిచ్చిండు. "నా గురించి ఒక్క ముక్కే రాసింది" అని మూతి ముడుసుకున్నడు.

ఈ ఊళ్ళె అన్నీ నాపరాళ్ళే. ఇంటి ముందట బండలు, ఇంటెనుక బండలు, తలల దుమ్ము. రాళ్ళకన్న తమాషా నా తెలుగు. మొన్న కూరగాయలామెను "కోతింబిరి ఒక జుడి ఇయ్యి, పిశివిల ఎయ్యి" అన్న. నా మొకం చూసి "యా బాష మ్మా నీది?" అన్నది. తెలుగే అన్న. "తెలుగైతే నాకెందుకు తెల్దు?" అన్నది. జుడికి కట్ట అనాల్నంట, పిశివికి సంచి అనాల్నంట. ముఖేడ్‌ల మా అమ్మగారింట్ల ఇరువై ఏండ్లు మరాఠీలనే బతికిన, మీ ఇంటికచ్చినంక తెలుగు నేర్సిన. గదిప్పుడు తెలుగోళ్ళ ఊళ్ళె నడుస్తలేదు. నేర్సుకోవాలె మళ్ళ.

పక్కింటామె పార్వతమ్మకు మన రెండో క్యాసెట్ చూపించిన. డబ్బ మీద 'హరిప్రియ ఎం.ఏ., సౌ. వనమాల' అని ఉన్నది కదా, "ఎమ్మే తెలుసు గాని ఈ సౌ అనేది ఏం సదువు?" అన్నది. మా దిక్కు పెండ్లైన ఆడిదాని పేరు ముందట సౌభాగ్యవతి అని పొట్టిగ గట్ల రాస్తరని యాడ చెప్పాలె? "పెద్ద సదువే, ఇంక పాసు కాలె" అన్న.

ఐదో ముక్క నాకు రాదు. ఎమ్మే చదివినదానివి, నువ్వే రాయి.

నీ వదిన
(సౌ.) వనమాల

*

నాందేడ్,
3 ఆగస్టు 1998.

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి నవ్వు రాలేదు.

అట్ట మీద ఎం.ఏ. అని ప్రెస్సువాడు తనంతట తనే వేశాడని ఇన్నాళ్ళూ చెబుతున్నాను. నిజమే, వేసింది వాడే. కానీ ప్రూఫు చూసింది నేను. చూసి, కొట్టేయకుండా వదిలేశాను. నీకది ఇన్నేళ్ళూ గుచ్చుకుంటోందని నాకు తెలియదు. తెలియదా, తెలుసుకోలేదా అన్నది కూడా ఖచ్చితంగా చెప్పలేను. క్షమించు.

పత్రికకు ఆ నాలుగు వాక్యాలే ఇచ్చేశాను.

హరిప్రియ

*

డోన్,
20-8-98

హరీ,

నువ్వు నవ్వుతవని రాసిన. నవ్వు రాలేదంటె తప్పు నాదే. ఇగ గసుంటివి రాయ. మీ అన్నకు జ్వరమచ్చి తగ్గింది. ఇక్కడ వానల్లేవు.

వనమాల

*

నాందేడ్,
24 నవంబరు 1998.

వదినా,

మూడు నెలలుగా మనం వానల గురించి, జ్వరాల గురించి రాసుకుంటున్నాం. ఈసారి పని మీద రాస్తున్నాను.

పూణే నుంచి తుషార్ అనే కుర్రాడు వచ్చాడు. అతనికి అక్కడ చిన్న రికార్డింగు గది ఉంది. పెద్ద కంపెనీలు తాకని పాటలను వెతికి తనే క్యాసెట్లు చేస్తాడట. బిలోలి బజారులో మన మొదటి క్యాసెట్ దొరికిందట అతనికి, టేపు అరిగిపోయి ఉన్నది. మూడోది తను చేస్తానంటున్నాడు. మనం ఎప్పుడూ రికార్డు చేయని పెద్ద పాట, 'పుట్టింటి జొన్నలు', మొత్తం కావాలంటున్నాడు. జనవరి తొమ్మిదిన పూణేలో.

నువ్వు రాగలిగితే వేరే మాటే లేదు. అన్న సెలవు సంగతి, అక్కడి ఇంటి సంగతి నాకు తెలుసు కాబట్టి అడగడానికే మొహమాటంగా ఉంది. నువ్వు రాలేకపోతే ప్రాచి ఉంది. నా విద్యార్థిని, గుర్తుందా, నువ్వు పాడుతుంటే నీ పెదాల వంకే చూస్తూ కూర్చునేది. మరాఠీ పిల్ల, నీ జవాబులన్నీ దానికి నోటికి వచ్చు. నీ జాగాలో అది కూర్చుని పాడుతుంది, అదీ నువ్వు సరే అంటేనే. వద్దంటే ఆపేద్దాం. నాకేమీ బాధ లేదు. నిజంగానే లేదా అని నన్ను నేను అడిగాను.

డిసెంబరు పదిలోగా తార్ కొట్టు. ఉత్తరమైతే ఆలస్యమవుతుంది, టెలిగ్రామైతే మర్నాడే.

హరిప్రియ

*

నాందేడ్,
16 డిసెంబరు 1998.

వదినా,

నీ తార్ ఎనిమిదో తారీఖున అందింది. "పాట చాలు." ఇంగ్లీషు అక్షరాల్లో రెండే మాటలు, కింద నీ పేరు.

నీ మాట ప్రకారమే చేశాను. తుషార్‌కు ఆ రోజే ఉత్తరం వేశాను, ప్రాచికీ చెప్పాను. ఇందులో నా ఇష్టానిష్టాలేమీ లేవు. నువ్వు ఏదంటే అదే చేయాలని ముందే అనుకున్నాను, అదే చేశాను. ఇక దీని గురించి మనం రాసుకోవలసిందేమీ ఉండదనుకుంటాను.

అమ్మకు కళ్ళు బాగా మసకబారాయి. ఇసుర్రాయి పక్కన తడుముకుంటూ కూర్చుని, "వనమాల ఎప్పుడస్తది?" అంటుంది. వస్తుందిలే అంటున్నాను.

హరిప్రియ

*

డోన్,
4-1-99

హరీ,

నా మాట ఉంచినవు. మంచిగైంది. నేనేం రంధి పెట్టుకోలె, నువ్వు సుత పెట్టుకోకు. ప్రాచికి నా దీవెనలు చెప్పు, చిన్న పోరి, దానిదేం తప్పు లేదు. తొమ్మిదో తారీఖు నాడు దేవుని ముందట దీపం పెడత.

అత్తమ్మను ఇసుర్రాయి కాడ ఒక్కదాన్నే కూసోనియ్యకు, చెయ్యి నలుగుతది.

వనమాల

*

నాందేడ్,
11 ఆగస్టు 2000.

వదినా,

ప్రాచికి పెళ్ళయి ఔరంగాబాదు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వచ్చి కాళ్ళకు దండం పెట్టింది. నీకూ చెప్పమంది. ఇక్కడంతా మామూలే.

హరిప్రియ

*

డోన్,
30-8-2000

హరీ,

ప్రాచి పోయిందంటె నువ్వు ఒక్కదానివే అయినవు. ఎట్లుంటదో నాకు ఎరుకే. ఇక్కడ సుత మామూలే.

వనమాల

*

డోన్,
14-2-2005

హరీ,

ఇది ఫోన్ల అడిగే సంగతి కాదు. ఫోన్ మీ అన్న మంచం పక్కనుంటది, ఆయన రెండు దిక్కుల మాటలు ఒక్కడే ఇంటడు. అందుకే రాస్తున్న.

పూణే తుషార్ కాడికెళ్ళి కాయితం అచ్చింది. మన క్యాసెట్లు రెండు కలిపి సీడీ చేస్తడంట, ఇద్దరి దస్కతులు కావాల్నంట. ఆడెవడో మన ఇద్దరి కథంతా పుస్తకం లెక్క రాసి సీడీ ఎంబడి ఇస్తడంట. కాయితం మీది మరాఠీ రెండుసార్లు చదివిన. రెండు క్యాసెట్లే అని ఉన్నది. మూడు కదా? మూడోది ఏది?

ఆరేండ్ల సంది నిన్ను అడగలె. 'పుట్టింటి జొన్నలు' ప్రాచి ఎట్ల పాడిందో, నా జాగల కూసోని ఆ పొడుగు గుంజుడు ఎట్ల గుంజిందో ఇందామని, పోస్టుమాన్ అచ్చినప్పుడల్ల వాని సంచి దిక్కే చూసిన. ఒక్కటి పంపకపోతివి. అత్తమ్మ సంవత్సరీకానికి సుత మీ అన్ననొక్కన్నే పంపిన. కాలునొప్పి అన్న గాని, కాలుకేం కాలె. నీ ఇంట్ల ఆ క్యాసెట్ పెడతరేమో, అందరి ముందట నేను ఇనాల్నేమో అని రాలె.

ఇప్పుడు భయం గియం లేదు. ఏం లేదు. ఒక కాపీ పంపు, ఇని వాపసు పంపిస్త.

వనమాల

*

నాందేడ్,
22 ఫిబ్రవరి 2005.

వదినా,

మూడో క్యాసెట్ లేదు. ఎప్పుడూ లేదు. నువ్వే కదా పాట చాలన్నావు.

ఈ వాక్యం రాశాక పెన్ను పక్కన పెట్టి లేచి వెళ్ళాను. బీరువాలో నా డిగ్రీ కాగితాల కింద ఆ తార్ ఉంది. తీసి చూశాను. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి దాన్ని నీ గొంతుతో చదివాను. కరెంటు వస్తే నువ్వేమనేదానివి? "లైటు చాలూ అయింది." స్టవ్వు చాలూ చెయ్యి, బోరింగు చాలూ ఉందా చూడు. అది మరాఠీ చాలూ. సాగుతోంది, నడవనీ, ఆపొద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం కనిపించదు. నువ్వు మరాఠీలో సాగనీ అన్నావు, నేను తెలుగులో ఇక వద్దని చదువుకున్నాను. ఆంధ్రా నుంచి వచ్చిన తార్ కదా, తెలుగే అనుకున్నాను.

ఇక్కడితో ఆపితే ఇది కేవలం పొరపాటు అవుతుంది. ఆపలేను. ఆ రోజు తార్ వచ్చినప్పుడు ప్రాచి మా ఇంట్లోనే ఉంది. నా చేతిలోంచి లాక్కుని చదివి ఎగిరి గంతేసింది. "మ్యాడమ్, వహినీ చాలూ మ్హణతాత్!" అంది. వదిన కానివ్వమంటున్నారని. నేను కాగితం వెనక్కి తీసుకుని, "అది తెలుగు, నీకు తెలియదు" అన్నాను. దాని ముఖం వాడిపోయింది. మళ్ళీ అడగలేదు.

ఎందుకన్నానో చెప్పగలిగితే బాగుండేది. నీ జాగాలో మరొకరిని కూర్చోబెట్టి పాడటం నాకు ఇష్టం లేదు, ఆ మాట నా అంతట నేను అనలేకపోయాను, నీ చేత అనిపించుకున్నాను. లేకపోతే, 'సౌ.' గురించి నువ్వు రాసింది ఇంకా లోపల ఉండి, నువ్వు చెడ్డదానివి కావాలని ఉండింది. రెండూ కావచ్చు. చరిత్ర పాఠం చెప్పేటప్పుడు కారణాలను ఒకటి, రెండు, మూడు అని బోర్డు మీద రాస్తాను. ఇక్కడ ఒక్కటీ నిలవడం లేదు.

ఇంత తెలిశాక గుండె పగలాలి కదా. కుక్కర్ మూడో కూత వేస్తే వెళ్ళి ఆపి వచ్చాను.

హరిప్రియ

*

డోన్,
6-3-2005

హరీ,

నీ ఉత్తరం మీ అన్నకు ఇయ్యలె. ఇది రెండో ఉత్తరం ఆయనకు ఇయ్యంది. మొదటిది నువ్వు తార్ కొట్టమన్నది.

నువ్వు అన్నీ ఒప్పుకున్నవు, నేను ఊకుంటె మంచిగుండదు. తారాఫీసుకు ఒక్కదాన్నే పోయిన. బల్ల ఎనుక పెద్దాయన కూసున్నడు. పాట చాలూ అని రాయమన్న. ఇంగ్లీషుల రాసి, నాకు చదివి ఇనిపించిండు. ఆయన చదివితె 'చాలు' అయింది. "పాడింది సాలు, ఇంగ నిలపమంటాండావా మ్మా?" అని అడిగిండు.

అప్పుడే ఎరుకైంది నాకు, ఆ మాట రెండు దిక్కుల తిరుగుతదని. ఇంకో రెండు మాటలు కలిపితె అయిపోతుండె. కలుపుతావా అని ఆయనే అన్నడు. కలం సుత చేతిలనే ఉన్నది. నేనేమన్ననో ఎరుకేనా? "ఆమెకు ఎట్ల కావాల్నో అట్ల చదువుకుంటది, పంపు" అన్న.

పాడు అని చెప్పుడు నా ధర్మం అనిపించింది. పాడకుంటె మంచిగుండు అని సుత అనిపించింది. రెండు ఒక్క మాటల పట్టినయి. తర్వాత నీ ఉత్తరమచ్చె, నీ మాట ప్రకారమే చేసిన అని. నేను పాడినవనే అనుకున్న. నా మాట ఉంచి, నన్ను ఇడిసిపెట్టి పాడినవని.

కోపం చేద్దామంటె ఎవల మీద చెయ్యాలె? ఎండకాలం సెలవులల్ల ఒకసారి రా. మీ అన్న సుత అడుగుతున్నడు, చెల్లె ఎందుకు రాదని.

వనమాల

*

నాందేడ్,
26 ఏప్రిల్ 2005.

వదినా,

నిన్న పొద్దున ఇల్లు చేరాను. రైలు ముద్ఖేడ్ దగ్గర గంటసేపు నిలిచిపోయింది. అన్న కట్టిచ్చిన పెరుగన్నం అక్కడే తిన్నాను.

మీ ఇంట్లో మూడు రోజులున్నాను. నువ్వు జొన్నరొట్టెలు చేశావు, నేను కూరగాయలు తరిగాను, అన్న ఇద్దరి మధ్యలో కూర్చుని రైల్వే సంగతులు చెప్పాడు. తార్ మాట నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అందుకోసమే వచ్చాననుకున్నాను. వచ్చాక, అవసరం కనబడలేదు. బండల మీద ఎండ చూస్తూ కూర్చోవడమే సరిపోయింది.

ఒక్క సంగతి నీకు చెప్పకుండా వచ్చాను. మూడో రోజు మధ్యాహ్నం, పార్వతమ్మా ఇంకో ఇద్దరూ చింతపండు గింజలు తీయడానికి మీ ముందరి గదిలో కూర్చున్నారు గుర్తుందా? నేను వెనక నల్లా దగ్గర గిన్నెలు తోముతున్నాను. "అదే పాడు వనమాలా, ఆ జొన్నల పాట" అని ఎవరో అన్నారు. నువ్వు మొదలుపెట్టావు.

"పుట్టింటి జొన్నల్ల పొల్లెంత అక్కా" అన్నది నా ప్రశ్న. నువ్వు పాడావు. నువ్వు ఎప్పుడూ పాడని లైను అది. అయిపోగానే జవాబు కోసం చూశాను, మరాఠీలో వస్తుందని. "చెరిగినమ్మకె ఎరుక, చెప్పదే చెల్లే" అని వచ్చింది. తెలుగులో. ఆ ఊరి యాసలో. ఎప్పుడు కట్టావో తెలియదు. తర్వాతి ప్రశ్న నువ్వే, దాని జవాబూ నువ్వే. ఎక్కడో ఒకచోట అలవాటుకొద్దీ ఆగుతావేమో, నేను అందుకునే చోట ఊపిరి తీస్తావేమో అని విన్నాను. ఆగలేదు. మధ్యలో చోటే లేదు. పాట నిండుగా ఉంది.

లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తుండగానే అయిపోయింది. ఆడవాళ్ళు నవ్వారు, ఒకామె ఇంకోటి పాడమంది. నేను మిగిలిన గిన్నెలు కడిగాను.

బాధపడ్డానా అంటే, ఆ మాట సరిపోదు. మనం మళ్ళీ పాడతామా అన్న ప్రశ్న ఒకటి నాలో ఇన్నేళ్ళూ ఉందని, అది పోయాక తెలిసింది. పన్ను ఊడాక నాలుక అక్కడికే పోతుంటుంది చూడు, అలా ఉంది.

తుషార్ కాగితాల మీద సంతకం చేసి ఇవాళే పంపాను. అందులో "జోడీ ఇప్పటికీ పాడుతున్నదా?" అని ఒక గడి ఉంది. పెన్ను చాలాసేపు దాని మీదే ఉంది. చివరికి గీత గీసి రెండు భాగాలు చేశాను. ఒకవైపు "హరిప్రియ: లేదు" అని రాశాను. రెండోవైపు "వనమాల: అవును. డోన్‌లో." పేర్ల ముందూ వెనకా ఏమీ పెట్టవద్దని కింద రాశాను.

నీ చెల్లెలాంటి
హరిప్రియ

*

డోన్,
9-5-2005

హరీ,

నువ్వు ఇంటున్నవని నాకు ఎరుకే. నువ్వు ఉన్నంతసేపు ఎనుక నల్లా నీళ్ళ చప్పుడు అస్తనే ఉన్నది. నేను అందుకోంగనే ఆగింది. పార్వతమ్మ సుత చూసింది, నా దిక్కు చూసి కనుబొమ్మ ఎగరేసింది, పిలువుమన్నట్టు.

రెండో చరణం కాడ ఊపిరి ఆపి, నీకు జాగ ఇడుద్దామని అనుకున్న. నిజంగ అనుకున్న. ఇడిస్తె నువ్వు అందుకుంటవని సుత ఎరుకే. గాని నోరు ఆగలె. ఆరేండ్లు ఈ బండల నడుమ ఒక్కదాన్నే కూసోని అతుకులేసుకున్న పాట అది. ఇయ్యబుద్ధి కాలె. ఎనుక నువ్వు నిలబడ్డవని ఎరికుండే మొత్తం పాడిన, ఇంక జర గట్టిగనే పాడిన.

తప్పనుకుంటె తప్పే. తుషార్‌కు అట్ల రాసినవని చదివినంక రెండు రోజులు పాడలె, మూడో రోజు మళ్ళ పాడిన.

దసరా సెలవులకు రా. ఈసారి అస్తె ఎనుక బోళ్ళు తోముకుంట నిలబడకు. ముందట కూసోని ఇను.

నీ వదిన
వనమాల